సీఓటూ ఫైర్ సిలిండర్: నిండుగా ఉందో లేదో చూడటం, మంట మీద సరిగ్గా వాడటం ఎలా?

నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తుంటాను. గోడకి మంటలార్పే ఎర్ర సిలిండర్ కనబడితే చాలు, దగ్గరికెళ్లి మెడ దగ్గర కొట్టిన అంకెలు చదివే అలవాటు. పెళ్లికెళ్లి కల్యాణ మండపంలో కూడా అదే పని చేసి మా ఆవిడ చేత చీవాట్లు తిన్న రోజులున్నాయి. ఈ సంగతి తెలిసినవాళ్లు, బెజవాడ బీసెంట్ రోడ్డులో షాపులున్నవాళ్ల నుంచి మా వీధి చివరి అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి దాకా, సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపిన సిలిండర్ గురించి అడిగేది ఒకటే ప్రశ్న.

"దీనికి గేజ్ లేదేంటండీ? లోపల గ్యాస్ ఉందో అయిపోయిందో ఎలా తెలిసేది?"

ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక లేక మొత్తం ఒకచోట రాస్తున్నా. ముందే చెబుతున్నాను, ఈ సిలిండర్ కంటికి ఏమీ చెప్పదు. కొత్త స్టిక్కర్ ఉన్నా, రంగు నిగనిగలాడుతున్నా లోపల ఖాళీగా ఉండొచ్చు. కాటా వేయాల్సిందే.

## 1. ముందు మీ దగ్గర ఉన్నది ఏదో తేల్చుకోండి

ఎర్రగా ఉన్నవన్నీ సీఓటూ కావు. అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించేది ఏబీసీ పౌడర్ సిలిండర్, మంట మీద పొడి చల్లేది. దానికి చిన్న గుండ్రటి గేజ్ ఉంటుంది, ముల్లు పచ్చ గీతలో ఉంటే ప్రెజర్ ఉన్నట్టు. సీఓటూ దానికి గేజ్ ఉండదు. మూతి దగ్గర నల్లటి గరాటు లాంటి హార్న్ ఉంటుంది, చేత్తో ఎత్తితే సైజుకి మించిన బరువు తెలుస్తుంది, ఎందుకంటే దాని గోడ మందం ఎక్కువ.

2 కిలోల దానికి హార్న్ నేరుగా వాల్వుకే ఉండి పైకీ కిందకీ తిరుగుతుంది. 4.5 కిలోల దానికి హోస్ పైపు, దాని చివర హార్న్. ఈ కిలోలు లోపలి గ్యాస్ బరువు మాత్రమే, సిలిండర్ బరువు కాదు.

## 2. లోపల ఏం జరుగుతుందంటే

ఇంట్లో గ్యాస్ బండ గుర్తు తెచ్చుకోండి. బండలో ఉన్నది ద్రవం, పైన కొంచెం ఆవిరి. నిన్న పెట్టిన బండైనా, రేపు అయిపోయే బండైనా పొయ్యి మంట దాదాపు ఒకేలా వస్తుంది, ఎందుకంటే చివరి చుక్క ద్రవం ఉన్నంతవరకూ ప్రెజర్ మారదు. అందుకే డెలివరీ అబ్బాయిని తూచి ఇవ్వమంటాం గానీ ప్రెజర్ చూపించమని ఎవరూ అడగరు.

సీఓటూ సిలిండర్ కూడా అంతే. కార్బన్ డయాక్సైడ్ లోపల ద్రవంగా ఉంటుంది. ప్రెజర్ అనేది ఎంత గ్యాస్ ఉందన్నదాన్ని బట్టి కాదు, ఎంత వేడిగా ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 57 బార్లు, 30 డిగ్రీల దగ్గర 72 బార్లు. పోలికకి, కారు టైరులో ఉండేది 2 బార్ల పైచిలుకు. సగం ఖాళీ అయినా గేజ్ అదే అంకె చూపిస్తుంది కాబట్టి గేజ్ పెట్టి లాభం లేదు, పెట్టలేదు.

మన ఊళ్ల విషయంలో ఇంకో ముక్క కలపాలి. 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్‌కి ద్రవం, ఆవిరి అనే తేడానే ఉండదు, రెండూ కలిసిపోయి ఒకే ముద్దగా ఉంటుంది. రోహిణి కార్తెలో విజయవాడ 45 డిగ్రీలు చూస్తుంది కదా, అప్పుడు సరిగ్గా నింపిన సిలిండర్‌లో కూడా ప్రెజర్ 100 బార్లు దాటేస్తుంది. సిలిండర్‌ని అంతకన్నా చాలా ఎక్కువకి తట్టుకునేలా చేస్తారు, ప్రెజర్ అంతదాకా వెళ్లకముందే పగిలి గ్యాస్‌ని బయటకి వదిలే పల్చటి సేఫ్టీ డిస్క్ కూడా వాల్వులో ఉంటుంది. అయినా ఎండలో పెట్టకూడదనేది ఇందుకే.

హ్యాండిల్ నొక్కినప్పుడు అడుగు దాకా దిగిన గొట్టం గుండా ద్రవం పైకి వస్తుంది, హార్న్‌లోకి రాగానే ఒక్కసారిగా విచ్చుకుంటుంది, చాలావరకు గ్యాస్ అయిపోతుంది, కొంత తెల్లటి మంచుపొడిగా పడుతుంది. ఆ మంచు మైనస్ 78 డిగ్రీలు. ఎండాకాలంలో మంచు తక్కువగా కనిపిస్తుంది, సిలిండర్ పాడైందని కంగారు పడకండి.

మంట ఆరేది ఆ చల్లదనం వల్ల అనుకుంటారు చాలామంది. అసలు పని ఆక్సిజన్‌ని పక్కకి తోసేయడం. గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ 15 శాతం దాకా పడిపోతే చాలా మంటలు నిలబడలేవు. చల్లబరచడం మాత్రం నామమాత్రమే. కింద చెప్పే చాలా జాగ్రత్తలు ఈ ఒక్క మాటలోంచే వస్తాయి, గ్యాస్ చెదిరిపోయాక వస్తువు ఇంకా వేడిగానే ఉంటే మళ్లీ అంటుకుంటుంది.

## 3. ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

పనికొచ్చేవి:

- కరెంట్ ప్యానెల్, మీటర్ బోర్డు, యూపీఎస్, కంప్యూటర్, సర్వర్
- పెట్రోల్, డీజిల్, థిన్నర్ లాంటివి కొద్దిగా ఒలికి అంటుకున్నప్పుడు
- జనరేటర్ గది, లిఫ్ట్ మెషిన్ గది

కరెంట్ దీని గుండా ప్రవహించదు, పైగా ఆరాక పొడి గానీ తడి గానీ మిగలదు. ఏబీసీ పౌడర్ కొడితే మంట ఆరుతుంది గానీ ఆ ప్యానెల్ లోపలి కార్డులు శుభ్రం చేయడం ఒక నరకం, చేసినవాడిని కాబట్టి చెబుతున్నా.

పనికిరానివి:

- పత్తి, గోనె సంచులు, మిర్చి బస్తాలు, కాగితాల కట్టలు, పరుపులు
- బాణలిలో మరిగి అంటుకున్న నూనె
- ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ
- మెగ్నీషియం లాంటి లోహపు పొడులు

గుంటూరులో ఈ జాబితాలోని మొదటి వరస దగ్గరే ఎక్కువ పొరపాట్లు. జిన్నింగ్ మిల్లులో పత్తికి నిప్పు పడితే పైన మంట ఒక్క దెబ్బకి పోతుంది, అందరూ చప్పట్లు కొడతారు, లోపల మాత్రం నివురుగప్పిన నిప్పు నడుస్తూనే ఉంటుంది. గంటకో రెండు గంటలకో మళ్లీ లేస్తుంది. బస్తాలకి నీళ్లే కావాలి, విప్పి తడపాలి. మా స్టోరేజీలో సీఓటూ సిలిండర్లు ప్యానెల్ గదిలోనూ జనరేటర్ దగ్గరా మాత్రమే ఉంటాయి, సరుకు గదుల వైపు ఉండవు.

బాణలి విషయం: గ్యాస్ వేగానికి మండుతున్న నూనె ఎగిరి మీద పడుతుంది, ఆరినా నూనె చల్లబడదు కాబట్టి మళ్లీ అంటుకుంటుంది. పొయ్యి కట్టేసి మూత పెట్టడం మేలు. స్కూటర్ లిథియం బ్యాటరీ అయితే లోపలి వేడి తనంతట తానే పుడుతుంది, బయట ఆక్సిజన్ తీసేసినా ఆగదు. సెల్లార్‌లో అలాంటిది జరిగితే జనాన్ని బయటకి పంపి ఫైర్ స్టేషన్ వాళ్లకి 101కి ఫోన్ కొట్టండి.

## 4. తగిలించే చోటు

ప్యానెల్ పక్కనే తగిలిస్తారు, చూడటానికి సబబుగానే ఉంటుంది. మంట ప్యానెల్‌లో వస్తే మరి అక్కడిదాకా చెయ్యి ఎలా పెడతారు? గది తలుపు దగ్గర, వీలైతే తలుపు బయట తగిలించండి. తీసుకుని లోపలికి వెళ్లాలి, అంతేగానీ దానికోసం మంట దాటుకుని వెళ్లకూడదు.

- ఎండ నేరుగా పడకూడదు. టెర్రస్ మీద లిఫ్ట్ గదికి పడమటి వైపు బయటి గోడ అసలే వద్దు.
- హ్యాండిల్ మీ ఛాతీ ఎత్తులో ఉంటే తీయడం తేలిక. నేల మీద పెట్టకండి, కడిగినప్పుడల్లా అడుగు తుప్పు పడుతుంది.
- ముందు స్కూటర్, వాటర్ టిన్నులు, పండగ సీజన్‌లో అట్టపెట్టెలు ఉండకూడదు.
- తాళం వేసిన అద్దాల పెట్టెలో పెట్టి తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంచే అలవాటు ఇవాళే మానేయండి.

## 5. మంట వచ్చినప్పుడు, వరసగా

చేతిలో ఉన్న సమయం చాలా తక్కువ. 2 కిలోల సిలిండర్ పది సెకన్లు అటూ ఇటూగా అయిపోతుంది. 4.5 కిలోలది ఇంకొంచెం. అందుకే ఈ వరస నోటికి వచ్చేయాలి.

1. కేక వేయండి. పక్కవాళ్లకి తెలియాలి, ఒకరు 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయాలి.
2. కుదిరితే మెయిన్ ఆపండి. మెయిన్ స్విచ్ ఆ మంటలోనే ఉంటే దాని జోలికి పోకండి, కరెంట్ ఉన్నా సీఓటూ కొట్టొచ్చు, కాకపోతే హార్న్ గానీ చెయ్యి గానీ ప్యానెల్‌కి తగలనివ్వకండి. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్, హెచ్‌టీ (హై టెన్షన్) లైను మాత్రం మన పని కాదు, కరెంట్ వాళ్ల నంబర్ 1912కి చెప్పి దూరంగా ఉండండి.
3. ఫ్యాన్, ఎగ్జాస్ట్ ఆపండి. గాలి తిరుగుతుంటే గ్యాస్ చెదిరిపోతుంది.
4. బయటకి పోయే దారి మీ వెనక ఉండేలా నిలబడండి. మంట మీకూ తలుపుకీ మధ్యలో ఉంటే ఆ ప్రయత్నం వదిలేయండి.
5. సిలిండర్‌ని నిలువుగా పట్టుకోండి. పడుకోబెడితే అడుగు గొట్టానికి ద్రవం అందక ఉత్త గ్యాస్ తుస్సుమంటుంది.
6. పిన్ లాగండి. లాగేటప్పుడు హ్యాండిల్ నొక్కకూడదు. టెన్షన్‌లో అందరూ గట్టిగా నొక్కి పట్టుకునే పిన్ లాగుతారు, అది బిగుసుకుపోతుంది, "రావట్లేదు రావట్లేదు" అని అరుస్తారు. చెయ్యి వదులు చేసి కొంచెం తిప్పి లాగితే వచ్చేస్తుంది.
7. హోస్ ఉన్నదైతే హార్న్ వెనకున్న చేతిపిడి పట్టుకోండి, హార్న్‌ని కాదు. 2 కిలోలదైతే ముందే హార్న్ తిప్పి పెట్టుకోండి, నొక్కడం మొదలయ్యాక దాన్ని ముట్టుకోకండి.
8. మీటరున్నర దూరం నుంచి మంట మొదట్లోకి గురి పెట్టి నొక్కండి. పైకి లేచే నాలుకల మీద కొడితే వృథా.
9. చీపురుతో ఊడ్చినట్టు అటూ ఇటూ తిప్పుతూ, మంట వెనక్కి తగ్గుతుంటే ఒక్కో అడుగు ముందుకి వేయండి. దీని గ్యాస్ అంత దూరం పోదు, రెండు మీటర్లు దాటితే గాలిలో కలిసిపోతుంది.
10. ఆరిందనిపించినా వెంటనే ఆపకండి, ఇంకో రెండు మూడు సెకన్లు కొట్టండి. ఆ తర్వాత వెనక్కి అడుగులు వేస్తూ రండి, మంటకి వీపు చూపించకండి.

హార్న్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. మా దగ్గర కొత్తగా చేరిన ఒక హెల్పర్ డెమోలో ఉత్సాహంగా హార్న్‌నే పట్టుకున్నాడు, నాలుగు వేళ్ల చివర్లు తెల్లబడి, తర్వాత కాలినట్టే బొబ్బలెక్కాయి. "చల్లటిది కూడా కాలుస్తుందా సార్?" అని అడిగాడు పాపం. అలా అయితే గోరువెచ్చటి నీళ్లలో ఉంచి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, రుద్దకూడదు.

### చిన్న గదిలో అయితే

ఇది విడిగా చదవండి, ప్రాణం మీదకి వచ్చే విషయం. కిలో కార్బన్ డయాక్సైడ్ బయటకి వస్తే దాదాపు అర ఘనపు మీటరు గ్యాస్ అవుతుంది. రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న యూపీఎస్ గది తీసుకోండి, లెక్క 15 ఘనపు మీటర్లు. 4.5 కిలోల సిలిండర్ మొత్తం అందులో కొడితే గాలిలో దాదాపు 15 శాతం ఇదే గ్యాస్. 10 శాతం దాటితేనే మనిషి నిమిషాల్లో స్పృహ తప్పొచ్చు. వాసన లేదు, రంగు లేదు, గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి కిందనే మడుగులా నిలుస్తుంది. కింద పడినవాడిని లేపడానికి వంగినవాడు కూడా అక్కడే పడతాడు.

కాబట్టి చిన్న గది అయితే తలుపు దగ్గర నిలబడి లోపలికి కొట్టండి, కొట్టి బయటకి వచ్చి తలుపు మూసేయండి. మంట పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాక తలుపులు, కిటికీలు బార్లా తీసి, బాగా గాలి ఆడాకే లోపలికి. తలనొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం మొదలైతే అది ఆఖరి హెచ్చరిక అనుకుని బయటకి వచ్చేయండి.

## 6. నెలకోసారి, రెండు నిమిషాలు

పౌర్ణమికో ఒకటో తారీఖుకో, మీకు గుర్తుండే రోజు పెట్టుకోండి.

- పిన్ ఉందా, దానికి కట్టిన ప్లాస్టిక్ సీల్ తెగకుండా ఉందా?
- హార్న్ పగిలిందా? లోపల వేలు పెట్టి కాదు, టార్చ్ వేసి చూడండి. కందిరీగ మట్టి గూడు కట్టేస్తుంది, సిగరెట్ పీకలు దొరికిన సందర్భాలూ ఉన్నాయి.
- హోస్ చీలిందా, వాల్వు దగ్గర బిగింపు వదులైందా?
- ఒంటి మీద సొట్ట, లోతైన గీత, వెల్డింగ్ మచ్చ ఏమైనా ఉన్నాయా?
- అడుగు తిప్పి చూశారా? తుప్పు మొదలయ్యేది అక్కడే.
- మెడ మీద కొట్టిన అంకెలు చదవగలిగేలా ఉన్నాయా, పెయింట్ కింద పూడిపోయాయా?
- తగిలించిన చోటే ఉందా? నవ్వకండి, తలుపు పడకుండా అడ్డం పెట్టుకునేవాళ్లని చూశాను.

## 7. కాటా వేయడం

ఇక్కడే నేను కొంచెం ఎక్కువ చెబుతాను.

మూడేళ్ల కిందట మా ప్యానెల్ గది సిలిండర్లు సర్వీస్‌కి వెళ్లొచ్చాయి. కొత్త ట్యాగ్, కొత్త సీల్, తళతళలాడే పెయింట్. రిజిస్టర్‌లో సంతకం పెట్టేసి తగిలించబోతుంటే ఒకటి చేతికి ఎందుకో తేలిగ్గా తగిలింది. పక్కనే క్యాంటీన్‌కి సరుకులు తూచే కాటా ఉంటే పెట్టాను. ఖాళీ బరువు 10.2 కిలోలని కొట్టి ఉంది, కాటా చూపించింది 10.3. నాలుగున్నర కిలోలు ఉండాల్సిన చోట వంద గ్రాములు! పంపినవాళ్లు "వాల్వు లీకై ఉంటుందండీ" అన్నారు. అయ్యుండొచ్చు కూడా. కానీ ఆ రోజు నుంచి కాటా వేయకుండా ఏదీ గోడకి ఎక్కనివ్వలేదు.

ఎలా తూచాలంటే:

1. కాటా సరైనది తీసుకోండి. కిరాణా కొట్లో వాడే 30 కిలోల డిజిటల్ కాటా చక్కగా సరిపోతుంది. యార్డులో బస్తాలు తూచేది వద్దు, అది చిన్న తేడాలు పట్టదు. ఇంట్లో మనుషులు ఎక్కి చూసుకునే మెషిన్ కూడా వద్దు, దాని తప్పే అరకిలో ఉంటుంది.
2. ముందు తెలిసిన బరువు, ఒక 5 కిలోల బాట్ లాంటిది, పెట్టి కాటా సరిగ్గా ఉందో చూడండి.
3. సిలిండర్ మెడ మీద గానీ వాల్వు మీద గానీ ఖాళీ బరువు చదవండి. నిండు బరువు కూడా కొన్నిటి మీద ఉంటుంది.
4. ఆ ఖాళీ బరువులో హార్న్, హోస్ కలిశాయా లేదా తెలుసుకోండి. లేబుల్ మీద ఉంటుంది, లేకపోతే సర్వీస్ వాళ్లని అడగండి. చాలామంది తడబడేది ఇక్కడే. హార్న్ కలపని ఖాళీ బరువు తీసుకుని హార్న్‌తో సహా తూచారంటే, ఆ అదనపు బరువంతా గ్యాస్ లెక్కలో పడి, తగ్గినది కూడా నిండుగా కనిపిస్తుంది.
5. వచ్చిన బరువులోంచి ఖాళీ బరువు తీసేయండి. మిగిలింది గ్యాస్.
6. ఉండాల్సిన గ్యాస్‌లో 10 శాతం కన్నా ఎక్కువ తగ్గితే రీఫిల్‌కి పంపాలి. 2 కిలోల దానికి ఆ హద్దు 200 గ్రాములు, 4.5 కిలోల దానికి 450 గ్రాములు.

మా 10.2 కిలోల దానినే తీసుకుంటే, నిండుగా 14.7 ఉండాలి. 14.25 కన్నా కిందకి దిగితే పంపించేయడమే.

చిన్న చిట్కా ఒకటి. రీఫిల్ అయి వచ్చిన రోజే హార్న్, హోస్‌తో సహా తూచి, ఆ బరువు పెయింట్ మార్కర్‌తో బ్రాకెట్ పక్కన గోడ మీద రాసేయండి. తర్వాత ఎవరు తూచినా ఆ అంకెతో పోల్చుకుంటే చాలు, ఖాళీ బరువు లెక్కల గోల ఉండదు. నేను ఆరు నెలలకోసారి తూస్తాను, ఒకసారి ఏప్రిల్‌లో ఎండలు ముదరకముందు, ఒకసారి అక్టోబర్‌లో. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు, దగ్గర్లోని ఫైర్ స్టేషన్ వాళ్లని అడిగితే డెమో కూడా చూపిస్తారు, పని రెండు విధాలా కలిసొస్తుంది.

రెండుసార్లు వరసగా బరువు కొంచెం కొంచెం తగ్గుతుంటే, 10 శాతం కాకపోయినా అది కారుతోందన్నమాట. వాల్వు చుట్టూ సబ్బు నీళ్లు రాయండి, గ్యాస్ బండకి రాసినట్టే. బుడగలు వస్తే గదిలోంచి తీసి గాలి ఆడే చోట పెట్టి సర్వీస్ వాళ్లని పిలవండి. మీరు స్పానర్ పట్టుకోకండి, ఆ వాల్వు వెనక ఎన్ని బార్లున్నాయో పైన రాశాను.

## 8. రీఫిల్‌కి పంపేటప్పుడు

అన్నీ ఒకేసారి పంపకండి. సగం పంపి, అవి వచ్చాక మిగతా సగం.

పంపేముందు ప్రతి సిలిండర్ సీరియల్ నంబర్, మెడ మీది అంకెలు ఫొటో తీసుకోండి. వెళ్లిన సిలిండర్ ఒకటి, తిరిగొచ్చింది ఇంకొకటి కావడం మామూలే, అది పదిహేనేళ్ల పాతదై ఉండొచ్చు.

- స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని వెళ్లకండి. కిందపడి వాల్వు విరిగితే అది రాకెట్టే. ఆటోలో నిలబెట్టి, కదలకుండా కట్టి పంపండి.
- కారు డిక్కీలో పెట్టి ఎండలో వదిలేయకండి.
- "ఇంకో పావుకిలో ఎక్కువ కొట్టండి" అనకండి. లోపల ఖాళీ జాగా లెక్క ప్రకారం వదలాలి. ఎక్కువ నింపితే శీతాకాలంలో ఏమీ కాదు, మే నెలలో సేఫ్టీ డిస్క్ పేలి అర్ధరాత్రి అపార్ట్‌మెంట్ మొత్తం లేస్తుంది.
- తిరిగొచ్చాక వాళ్ల ముందే తూచండి. వారం తర్వాత మళ్లీ తూచండి, నెమ్మదిగా కారేవి అప్పుడు దొరుకుతాయి.

## 9. అయిదేళ్లకోసారి హైడ్రో టెస్ట్

గ్యాస్ నిండుగా ఉందంటే సరిపోదు, సిలిండర్ ఒళ్లు గట్టిగా ఉందా అన్నది వేరే సంగతి. సిలిండర్ ఖాళీ చేసి, వాల్వు విప్పి, నీళ్లు నింపి, మామూలుగా ఉండేదానికన్నా చాలా ఎక్కువ ప్రెజర్ ఎక్కించి చూస్తారు. నీళ్లే ఎందుకంటే, పగిలినా గ్యాస్‌లా పేలదు. సీఓటూ సిలిండర్లకి ఇది అయిదేళ్లకోసారి, పెసో (పేలుడు పదార్థాలు, గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం ఉన్న స్టేషన్‌లోనే చేయించాలి. వాడారా లేదా అన్నదానితో సంబంధం లేదు.

పాసైతే మెడ మీద నెల, సంవత్సరం గుద్దుతారు. స్టిక్కర్ మీద "హెచ్‌పీ టెస్ట్ అయింది" (ఈ హైడ్రో టెస్ట్‌నే అలా అంటారు) అని రాసి, లోహం మీద కొత్త తేదీ లేకపోతే టెస్ట్ అవలేదనే లెక్క. టెస్ట్ తర్వాత లోపల బాగా ఆరబెట్టారా అని కూడా అడగండి, తడి మిగిలితే లోపల తుప్పు, వాడేటప్పుడు వాల్వులో ఆ తడి గడ్డకట్టడం.

ఈ విషయాలకి మన దేశంలో ప్రామాణిక పుస్తకం ఐఎస్ 2190, సిలిండర్ తయారీకి ఐఎస్ 15683. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు కింద ఆ రెండో నంబర్ ఉందో లేదో చూడండి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు వచ్చిన అజిత్‌సింగ్ నగర్ వైపు వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. సెల్లార్‌లో రోజుల తరబడి మునిగిన సిలిండర్లని తుడిచి, మళ్లీ తగిలించి ఉంటే, తేదీ ఇంకా ఉన్నా సరే, ముందు టెస్ట్‌కి పంపండి. బురద నీళ్లు వాల్వులోకీ, అడుగు పెయింట్ కిందకీ చేరి ఉంటాయి.

## 10. తరచూ చేసే తప్పులు, వాటి దిద్దుబాటు

"పని చేస్తుందో లేదో కొంచెం నొక్కి చూశాను." ఇది అన్నిటికన్నా ఎక్కువ. ఒక్కసారి నొక్కితే వాల్వు మళ్లీ పూర్తిగా మూసుకుంటుందన్న హామీ లేదు, సన్నటి మంచు రేణువు ఇరుక్కున్నా నెమ్మదిగా కారిపోతుంది. ఒక్క సెకను నొక్కినా రీఫిల్‌కి పంపాల్సిందే. నొక్కి చూడాలని ఉంటే, ఎలాగూ టెస్ట్‌కి వెళ్లాల్సిన దాన్ని ఆరుబయట పెట్టి, అందరి చేతా ఒక్కోసారి కొట్టించండి. మేం అదే చేస్తాం, ఆ చప్పుడుకి ఒకసారి అలవాటు పడితే తర్వాత చెయ్యి వణకదు.

పిన్ పోయిందని తీగ చుట్టడం. గట్టి ఇనుప తీగ చుట్టి నాలుగు మెలికలు వేస్తారు. మంట వేళ కటింగ్ ప్లేయర్ ఎక్కడ వెతుకుతారు? సరైన పిన్, సులభంగా తెగే ప్లాస్టిక్ సీల్ అడిగి తెచ్చుకోండి.

ఏటా పెయింట్ వేయించడం. పొర మీద పొర పడి అంకెలు పూడిపోతాయి, తుప్పు కనిపించదు. వేయించాలనుకుంటే మెడ మీద టేప్ అంటించి వేయించండి.

హార్న్ విరిగితే పీవీసీ పైపు ముక్క తగిలించడం. నిజంగానే చూశాను, ఆటోనగర్‌లో ఒక షెడ్డులో. ఆ వెడల్పాటి గరాటు ఆకారం అందానికి కాదు, గ్యాస్ వేగం తగ్గించి, మధ్యలో గాలి కలవకుండా మంట మీద పరవడానికి. పైపుతో కొడితే మంట ఆరకపోగా ఎగసిపడుతుంది.

మంట ఆరగానే మెయిన్ ఆన్ చేసి చూడటం. ఎక్కడ షార్ట్ అయిందో తేలకుండా ఆన్ చేస్తే మళ్లీ అక్కడే అంటుకుంటుంది, ఈసారి మీ చేతిలో ఖాళీ సిలిండర్ ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆపే ఉంచండి, రెండో సిలిండర్ పక్కన పెట్టుకుని అరగంట కాపలా కాయండి.

## 11. టెస్ట్ ఫెయిలైన సిలిండర్

చివరిగా, ఎవరూ అడగరు గానీ అడగాల్సినది. టెస్ట్‌లో పోయిన సిలిండర్‌ని మళ్లీ నింపకూడదు, పాత ఇనుము బండి వాడికి కేజీ లెక్కన అమ్మకూడదు కూడా. రంగు వేసుకుని ఇంకెవరి గోడకో ఎక్కుతుంది. టెస్ట్ స్టేషన్‌లోనే దాన్ని నొక్కించో కోయించో మళ్లీ వాడటానికి వీల్లేకుండా చేయమని అడగండి, ఆ కాగితం తీసుకుని రిజిస్టర్‌లో పెట్టండి. గ్యాస్ ఉందో లేదో తెలియని పాత సిలిండర్‌ని గ్యాస్ కటింగ్ షాపులో ఇచ్చి "మధ్యకి కోసెయ్ బాబూ" అనడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. ముందు దాన్నీ కాటా వేయండి.